సగం బొమ్మ మీది... సగం బొమ్మ మాది!

బడికెళ్ళే పిల్లలున్న ఇంట్లో 'ప్రాజెక్టు' అన్న మాట వినిపిస్తే ముందుగా పరుగు తీసేది అమ్మానాన్నలే. ఒకరు ఛార్టులమ్మే కొట్టుకి, ఒకరు జిరాక్సు షాపుకి. నెట్‌లోంచి నాలుగు బొమ్మలు ప్రింటు తీయించి, కత్తిరించి, అంటించి, చుట్టూ స్కెచ్‌పెన్నుతో అంచు గీస్తే పనైపోయినట్టే. మార్కులూ పడిపోతాయి. ఆ బొమ్మల వెనకున్న ఊళ్ళూ మనుషులూ మాత్రం ఛార్టు మీదికి రారు.

'ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్' పేరు వినే ఉంటారు. 2015 అక్టోబరు 31న ప్రధాని ప్రకటించిన కార్యక్రమం అది. రాష్ట్రాలను జతలుగా కలిపి, ఒకరి భాషా కళలను మరొకరికి పరిచయం చేయాలన్నది ఉద్దేశం. అందులో ఆంధ్రప్రదేశ్‌కి జత పంజాబ్. తెలంగాణకి హర్యానా. 2020లో సీబీఎస్‌ఈ మరో అడుగు వేసింది. ఒకటి నుంచి పదో తరగతి వరకూ కళతో ముడిపెట్టిన ప్రాజెక్టు చేయాలనీ, అందులో జత రాష్ట్రపు కళ కూడా ఉండాలనీ చెప్పింది. దాంతో మన పిల్లలు పంజాబీ ఫుల్కారీ పూలు గీయడం, అక్కడి పిల్లలు మన కొండపల్లి బొమ్మలు గీయడం మొదలైంది.

బాగానే ఉంది. కానీ ఫుల్కారీ పువ్వు గీయడానికి పంజాబ్ పిల్లాణ్ణి పలకరించాల్సిన అవసరం ఏముంది? నెట్‌లో కొడితే వెయ్యి పూలు వస్తాయి. అక్కడి అమ్మాయికైనా అంతే. ఇద్దరూ ఒకరి గురించి ఒకరు ప్రాజెక్టు చేస్తారు, ఒకరితో ఒకరు మాట్లాడకుండానే!

అలా కాకుండా, ఇక్కడి పిల్లలూ అక్కడి పిల్లలూ కలిసి ఒకే బొమ్మ గీస్తే? వీళ్ళు లేకుండా వాళ్ళ సగం, వాళ్ళు లేకుండా వీళ్ళ సగం పూర్తికాని బొమ్మ. అప్పుడు మాట్లాడుకోక తప్పదు కదా!

కొత్త ఆలోచనేం కాదు

ఇలాంటి పని ఇంటర్నెట్ కంటే ముందే మొదలైంది. 1926లో ఫ్రాన్సులో సెలెస్తాఁ ఫ్రెనే అనే పల్లెటూరి పంతులు తన పిల్లలు రాసినవన్నీ బడిలోనే చిన్న అచ్చుయంత్రం మీద వేయించి, దేశానికి మరో చివరనున్న బ్రిటనీ ప్రాంతపు బడికి పంపేవాడు. అక్కణ్ణుంచీ అలాగే జవాబులొచ్చేవి. 'చదివేవాడు ఒకడున్నాడంటే పిల్లాడు శ్రద్ధగా రాస్తాడు' అన్నది ఆయన నమ్మకం. 1988లో న్యూయార్క్, మాస్కో బడుల మధ్య కంప్యూటర్ ఉత్తరాలతో మొదలైన ప్రయత్నం 'ఐఎర్న్' అనే అంతర్జాతీయ బడుల బృందంగా ఎదిగింది. అమెరికా, సోవియట్ యూనియన్ ఇంకా ఎడమొగం పెడమొగంగా ఉన్న రోజులవి.

బొమ్మల విషయానికొస్తే 'ఆర్ట్ మైల్' కథ చెప్పుకోవాలి. 12 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉండే కాన్వాసు మీద పిల్లలు బొమ్మ వేస్తారు. అలాంటివి 440 పక్కపక్కన పరిస్తే ఒక మైలు. ఆ పేరు అలా వచ్చింది. 2006 నుంచి జపాన్‌లో దీన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్ళారు. జపాన్ బడికి వేరే దేశపు బడిని జత చేస్తారు. రెండు బడుల పిల్లలూ నెలల తరబడి నెట్ ద్వారా పరిచయాలు చేసుకుని, ఒక అంశం ఎంచుకుని, దాని గురించి తెలుసుకుంటారు. ఆ తర్వాత ఒకరు కాన్వాసులో సగమే వేసి, మిగతా సగం ఖాళీగా వదిలి అవతలి దేశానికి పార్సిల్ చేస్తారు. వాళ్ళు మిగతాది పూర్తి చేస్తారు. రంగులు వేసేది కొద్ది వారాలే. అంతకు ముందు జరిగే మాటలకే ఎక్కువ కాలం పడుతుంది. ఆ పథకంలోని కీలకమంతా అక్కడే ఉంది.

మంట ఒకటే... వేళ వేరు

సరే, మన దగ్గరికొద్దాం. ఎన్టీఆర్ జిల్లా కంచికచర్లలో ఓ బడి, పంజాబ్‌లో బఠిండా వైపు ఓ బడి జతకట్టాయనుకుందాం. రెండూళ్ళ మధ్య రెండు వేల కిలోమీటర్లకు పైనే దూరం. ఏం గీయాలి?

'మా సంస్కృతి - మీ సంస్కృతి' అని పెద్ద పేరు పెడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. మనవాళ్ళు తలపాగా చుట్టుకుని భాంగ్రా ఆడే మనిషిని గీస్తారు. వాళ్ళు కూచిపూడి భంగిమ గీస్తారు. రెండూ పాఠ్యపుస్తకం అట్ట మీద బొమ్మల్లా ఉంటాయి. అంశం ఎంత చిన్నదైతే అంత మంచిది. పిల్లాడు కళ్ళారా చూసిందైతే మరీ మంచిది.

ఉదాహరణకి, మంట. జనవరిలో మనం భోగి మంట వేస్తాం. ఇంచుమించు అదే సమయానికి పంజాబ్‌లో లోహ్రీ మంట వేస్తారు. ఒక్కోసారి ఒకే తేదీ, ఒక్కోసారి ఒక రోజు తేడా. మనది తెల్లవారుజామున, కోడి కూసే వేళకి. వాళ్ళది చీకటి పడ్డాక. మన పిల్లలు పిడకల దండలు తెచ్చి మంటలో వేస్తారు. వాళ్ళు నువ్వులు, బెల్లం, వేరుశనగలు, పేలాలు వేస్తారు. మన దగ్గర సాయంత్రం చిన్నపిల్లల తల మీద భోగిపళ్ళు పోస్తారు. వాళ్ళ పిల్లలు దుల్లా భట్టీ పాటలు పాడుకుంటూ ఇంటింటికీ తిరిగి తినుబండారాలు అడుగుతారు.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. ఒకే కాగితం, మధ్యలో ఒకే మంట, దాని మీద ఒకే ఆకాశం. ఎడమవైపు తెల్లవారబోతోంది, కుడివైపు రాత్రి ముదురుతోంది. రెండు సగాలూ కలిసే చోట ఏ రంగు వేయాలి? చుక్కలు ఎక్కడిదాకా ఉండాలి? చలికి కప్పుకున్న దుప్పట్లు ఎక్కడ ఆగాలి? ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. ఇటు పిల్లలూ అటు పిల్లలూ కూర్చుని తేల్చుకోవాల్సిందే. 'కుదరదు' అని ఒకరంటే 'ఇలా చేస్తే?' అని మరొకరనాలి. ఆ ఒక్క గీత దగ్గర జరిగే మాటామంతీ కోసమే ఈ శ్రమంతా.

మంట వద్దనుకుంటే పత్తి ఉంది. నందిగామ, కంచికచర్ల చుట్టుపక్కల మెట్టపొలాల్లో పత్తి తెలియని ఇల్లుండదు. బఠిండా, మాన్సా వైపూ అంతే. గులాబీ రంగు పురుగు ఇద్దరినీ ఏడిపించింది. ఫుల్కారీ కుట్టేదీ ముతక నూలు ఖద్దరు మీదే. బట్ట వెనకవైపు నుంచి పోగులు లెక్కపెట్టుకుంటూ పట్టుదారంతో కుడితే ముందువైపు పువ్వు విచ్చుకుంటుంది. చేలో పత్తికాయ దగ్గర మొదలై బట్ట మీద పువ్వు దగ్గర ముగిసే బొమ్మ ఎంత బాగుంటుందో!

ముందు టీచర్లు... తర్వాతే పిల్లలు

మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది. ఉత్సాహం కొద్దీ మొదటిరోజే వీడియో కాల్ పెట్టేస్తారు. ఇటు నలభైమంది, అటు నలభైమంది. 'హలో' అంటే 'హలో'. కరెంటు పోతుంది, లేదా నెట్ ఆగుతుంది. అంతటితో సరి.

ముందు రెండు బడుల టీచర్లు ఓ నాలుగైదుసార్లు మాట్లాడుకోవాలి. సెలవులెప్పుడు, పరీక్షలెప్పుడు, ఏ తరగతి, ఎంతమంది, ఏ భాష అన్నవి తేల్చుకోవాలి. మనకు జూన్‌లో బడులు తెరిస్తే పంజాబ్‌లో ఏప్రిల్‌లోనే కొత్త తరగతి మొదలవుతుంది. మనకు దసరా, సంక్రాంతి సెలవులైతే వాళ్ళకు డిసెంబరు చివర్లో చలి సెలవులు. పదో తరగతి పిల్లల్ని పెట్టుకుంటే పబ్లిక్ పరీక్షలు అడ్డొస్తాయి. ఎనిమిదో తరగతి అయితే హాయి.

భోగి బొమ్మకు లెక్క ఇలా వేసుకోవచ్చు. ఆగస్టులో టీచర్ల మాటలు. సెప్టెంబరులో పిల్లల పరిచయం. అక్టోబరు, నవంబరుల్లో ప్రశ్నలూ జవాబులూ. డిసెంబరులో పెన్సిల్ నమూనా. జనవరిలో ఎవరింటి దగ్గర వాళ్ళు మంట చూసి చిత్తు బొమ్మలు గీసుకోవడం. సెలవులయ్యాక రంగులు. ఫిబ్రవరి రెండో వారానికల్లా రెండు బడుల్లోనూ గోడ మీద బొమ్మ. ఆలస్యమైతే వార్షిక పరీక్షలు మీద పడతాయి.

భాష గురించి దిగులక్కర్లేదు. హిందీ ఇద్దరికీ బడిలో ఉంది, ఇంగ్లీషూ ఉంది. తప్పుల్లేకుండా రాయాలన్న నియమం మాత్రం పెట్టకూడదు. బొమ్మ కింద పేర్లు తెలుగులోనూ గురుముఖిలోనూ రాసుకుంటే సరదాగా ఒకరి అక్షరాలు మరొకరు నేర్చుకుంటారు.

పరికరాలా? ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచారు. ఆ తర్వాత చాలా ప్రభుత్వ బడులకు పెద్ద డిజిటల్ తెరలూ వచ్చాయి. అవి లేని బడిలోనూ టీచరు చేతిలో ఒక ఫోనుంటే చాలు. రోజూ కలిసి మాట్లాడాల్సిన పనేం లేదు. వీళ్ళు సోమవారం పంపితే వాళ్ళు గురువారం చూసి జవాబిస్తారు. ప్రత్యక్షంగా చూసుకోవడం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి... పది నిమిషాలు!

నెట్‌కి తెలియని ప్రశ్నలు

పరిచయానికి ఫొటోలెందుకు? ప్రతి పిల్లాడూ తన ఇంటి గుమ్మంలో నిలబడితే ఎదురుగా ఏం కనిపిస్తుందో పోస్టుకార్డంత కాగితం మీద గీసి పంపితే చాలు. ఒకరికి పాలడైరీ, ఒకరికి వేపచెట్టు, ఒకరికి విజయవాడ-హైదరాబాద్ హైవే మీద బారులు తీరిన లారీలు. పరిటాల పిల్లాడైతే 135 అడుగుల ఆంజనేయస్వామిని గీయకుండా ఊరుకుంటాడా? నలభై కార్డులు పక్కపక్కన పెడితే ఊరు మొత్తం కళ్ళముందు ఉంటుంది.

తర్వాత ప్రశ్నలు. దీనికి ఒకటే నియమం: నెట్‌లో దొరికే జవాబైతే ఆ ప్రశ్న అడగకూడదు. 'లోహ్రీ ఎందుకు జరుపుకుంటారు?' అన్నది పనికిరాదు. 'మీ వీధి మంటకు కట్టెలు ఎవరు తెస్తారు? మొదట ఎవరు అంటిస్తారు? అప్పుడు మీ నానమ్మ ఎక్కడ కూర్చుంటుంది? మంట ఆరిపోయాక బూడిద ఏం చేస్తారు?' ఇవీ ప్రశ్నలంటే. వీటికి జవాబు చెప్పాలంటే అవతలి పిల్లాడు ఇంట్లో పెద్దవాళ్ళను అడగాలి. మన పిల్లలకూ అలాంటి ప్రశ్నలే వస్తాయి. మనింట్లో నానమ్మలకూ పని పడుతుంది!

కొలతలు కుదరాలి

ఇక బొమ్మ. ఇద్దరూ ఏ3 డ్రాయింగ్ షీటు నిలువుగా పెట్టుకోవాలి. రెండూ పక్కపక్కన చేరిస్తే ఒక పెద్ద అడ్డం బొమ్మ అవుతుంది. రెండూ కలిసే అంచు మీద కొలతలు ముందే రాసుకోవాలి. నేల గీత కింది నుంచి 14 సెంటీమీటర్ల దగ్గర, మంట శిఖ 30 సెంటీమీటర్ల దగ్గర... ఇలా. లేకపోతే ఇటు నేల, అటు ఆకాశం కలిసిపోయి నవ్వులపాలవుతుంది.

రంగులతో మరో తంటా ఉంది. ట్యూబులైటు కింద తీసిన ఫొటోలో పసుపు ఒకలా ఉంటుంది, ఎండలో తీస్తే మరోలా. అందుకే ఇద్దరూ వాడే ఆరు రంగులను చిన్న గళ్ళుగా కాగితం కింద అంచున వేసుకోవాలి. ఫొటోలో ఆ గళ్ళు కూడా పడితే, తేడా ఎంతో తెలిసిపోతుంది. ఫొటో పగటిపూట, నీడ పట్టున, ఫోను కాగితానికి సమాంతరంగా పట్టుకుని తీయాలి. వాట్సాప్‌లో పంపితే ఫొటోలా కాక 'డాక్యుమెంట్'గా పంపాలి. లేదంటే సన్నగీతలన్నీ అలుక్కుపోతాయి. వీలైతే అసలు కాగితాలను పోస్టులో పంపుకోవడం ఇంకా మంచిది. రంగు వాసనతో సహా చేరతాయి.

బొమ్మలు బాగా గీసే నలుగురికే పని అప్పగించడం ఇంకో పొరపాటు. కొలతలు వేసేవాళ్ళు, రంగులు కలిపేవాళ్ళు, ఫొటో తీసేవాళ్ళు, ప్రశ్నలు రాసేవాళ్ళు, హిందీలోకి మార్చేవాళ్ళు... పని అందరికీ ఉంది. టీచరుగారు మాత్రం ఒక్క పని చేయకూడదు. పిల్లల బొమ్మ దిద్దకూడదు! అమ్మానాన్నలకూ ఇదే విన్నపం. వంకర గీతైనా సరే, అది వాళ్ళదై ఉండాలి.

పిల్లలు జాగ్రత్త

నెట్ అనగానే పెద్దవాళ్ళ గుండెల్లో దడ సహజం. ఆ భయంలో న్యాయమూ ఉంది. పిల్లల ఫోను నంబర్లు అవతలి పిల్లలకు ఇవ్వకూడదు. ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ టీచర్ల ద్వారానే సాగాలి. పరిచయ కార్డు మీద మొదటి పేరు చాలు. ఇంటిపేరు, ఇంటి చిరునామా వద్దు. పిల్లల మొహాలున్న ఫొటోలు ఎక్కడ పడితే అక్కడ పెట్టకూడదు. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండనివాళ్ళందర్నీ పిల్లల కిందే లెక్కించింది. వాళ్ళ సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది. కాబట్టి పని మొదలుపెట్టేముందే ఏం చేయబోతున్నారో, ఏది ఎక్కడ పెడతారో రాసి ఇంటికి పంపి సంతకం తీసుకోవడం బడికీ మంచిదే, ఇంటికీ మంచిదే.

పూర్తయిన బొమ్మ ఎవరిది? ఇద్దరిదీ. ఎక్కడ పెట్టినా రెండు బడుల పేర్లూ ఉండాలి. ఇదీ ముందే అనుకోవాలి.

పక్కూరికి దారి

ఇంత చేస్తే పిల్లలకు దక్కేదేమిటి? పంజాబ్ గురించి తెలుస్తుంది, నిజమే. దానికంటే ఎక్కువగా తెలిసేది తమ ఊరి గురించే!

అదెలాగంటే, అవతలి పిల్ల కొండపల్లి బొమ్మల ఫొటో చూసి 'చెక్కబొమ్మ ఇంత తేలిగ్గా ఎందుకుంటుంది?' అని అడుగుతుంది. కంచికచర్లకు కొండపల్లి పాతిక కిలోమీటర్ల లోపే. బొమ్మల కొలువులో ఆ బొమ్మల్ని పెట్టని ఇల్లు తక్కువ. కానీ ఈ ప్రశ్నకు ఎంతమంది పిల్లలు జవాబు చెప్పగలరు? చెప్పాలంటే వెళ్ళి చూడాలి. తెల్లపొణికి చెక్కను ఎలా ఆరబెడతారో, చేతులూ కాళ్ళూ తలా విడివిడిగా చెక్కి చింతగింజల జిగురుతో ఎలా అతుకుతారో, రంపపు పొట్టు కలిపిన మక్కుతో సందులు ఎలా పూడుస్తారో, పైన సున్నం పూసి రంగులెలా వేస్తారో కళ్ళారా చూడాలి. ఆ చెక్క దొరకడం ఎంత కష్టమైపోయిందో కళాకారుల నోటే వినాలి. వాళ్ళ పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పే కథ వింటే, ఉత్తరాదికీ మనకీ మధ్య ఈ రాకపోకలు నిన్నా మొన్నటివి కావని కూడా పిల్లలకు అర్థమవుతుంది.

'మీ వైపు అన్నిటికంటే పాత బొమ్మ ఏది?' అని మరొకరు అడగొచ్చు. దానికి జవాబు జగ్గయ్యపేటలో ఉంది. అక్కడి ధనబోడు దగ్గర బౌద్ధస్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. చక్రవర్తి చెయ్యి పైకెత్తగానే మబ్బుల్లోంచి నాణేలు వానలా కురుస్తున్నట్టు చెక్కిన రాతిఫలకం అక్కడే దొరికింది. రెండు వేల ఏళ్ళ నాటిది. ఇప్పుడది చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. అంటే జగ్గయ్యపేట పిల్లలు తమ ఊరి బొమ్మ చూడాలంటే చెన్నై రైలెక్కాలి, లేదా పంజాబ్ పిల్లల్లాగే తెర మీద చూసుకోవాలి. ఆ ఒక్క విషయంలో ఇద్దరూ సమానమే!

అందుకే అవతలి బడి నుంచి రావాల్సింది బొమ్మ కంటే ముందు ప్రశ్న. మనకు అలవాటైపోయి కంటికి ఆనని వాటిని తెలియనివాడు అడిగే ప్రశ్న చూపిస్తుంది. రోజూ చూసే పత్తిచేను, ఏటా వేసే భోగి మంట, కొలువులో పెట్టి మర్చిపోయే ఏనుగు అంబారీ... 'అదేంటి?' అని ఒకరడిగితే గానీ అవి కథలున్నవని తెలియదు.

మీ పిల్లల బడిలో డ్రాయింగు పీరియడ్ ఇంకా బతికే ఉందా? లెక్కల సారు అరువు తీసేసుకున్నారా? ఈసారి పేరెంట్స్ మీటింగుకి వెళ్ళినప్పుడు మార్కులతో పాటు ఆ సంగతి కూడా అడగండి. వారానికి ఒక్క పీరియడ్, రెండు డ్రాయింగ్ షీట్లు, అవతల ఓపికున్న మరో టీచరు దొరికితే చాలు... వచ్చే భోగికి మీ వీధి మంట పంజాబ్‌లో ఏదో ఓ బడి గోడ మీద వెలుగుతుంది.